అమీనుల్లా సారు చింతగింజలు

ఓబులేసు ఇంగ్లీషులో తప్పులు చేయడం మానేసి మూడు నెలలయింది. అతని కష్టం అక్కడి నుంచే మొదలైంది.

ఏ మాట తర్వాత ఏ చిన్నమాట రావాలో అతణ్ణి నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. గుడ్ తర్వాత ఎట్. టయర్డ్ తర్వాత ఆఫ్. ఇంట్రెస్టెడ్ తర్వాత ఇన్. ఆ చిన్నమాట తర్వాత ఏదైనా పని గురించి చెప్పాలంటే ఆ పనికి 'ఇంగ్' అనే తోక తగిలించాలి. ఇవన్నీ రెండొందల పేజీల నోటుబుక్కులో రాసుకున్నాడు. చిన్నమాటల కింద ఎర్ర గీత, తోకల కింద ఆకుపచ్చ గీత. బస్టాండు దగ్గర తను పనిచేసే జిరాక్స్ అంగడిలో గిరాకీ లేనప్పుడల్లా ఆ పుస్తకం తీసి చూసి మురిసిపోయేవాడు.

అయినా అమీనుల్లా సారు దగ్గర అతని చిప్పలో పడ్డ గింజలు తొమ్మిదే.

అమీనుల్లా సారు రాయచోటిలో ముప్పై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక ఇల్లు మేనల్లుడికి అప్పగించి, ఊరి బయట గుట్ట మీద ఉన్న చిన్న దర్గాలో ఒక గది తీసుకున్నాడు. చాదర్లు మడతపెట్టడం, ఊదు వేయడం, పావురాలకు నూకలు చల్లడం, ఇదీ ఆయన దినచర్య. హజ్రత్ అంటూ ఎవరైనా ఆయన చెయ్యి కళ్లకద్దుకోబోతే వెనక్కి లాక్కునేవాడు. "సారూ అని పిలవండి, చాలు. కష్టపడి సంపాదించుకున్న పేరు అదొక్కటే" అనేవాడు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక దర్గా వరండాలో గంటసేపు ఇంగ్లీషు చెప్పేవాడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కువైట్ ప్రయాణానికి సిద్ధమవుతున్నవాళ్లు. ఆ వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు, లేదా ఉండి వచ్చుంటారు.

సారు పాఠం చెప్పే తీరు వేరు. వరండా మధ్యలో ఒక సత్తుగిన్నె నిండా చింతగింజలు ఉంటాయి. ముసల్మానుల ఇళ్లలో ఎవరైనా పోతే, మూడోనాడు జియారత్‌కు కూర్చున్నవాళ్లు ఒక్కో చింతగింజ తీసి కల్మా చదివి పక్కన పెడతారు. దర్గాలో ఉన్నవి ఆ గింజలే. చావులు లేని రోజుల్లో వాటితో ఇంగ్లీషు నడిచేది. శిష్యులు ఒక్కొక్కరికి ఒక కొబ్బరిచిప్ప. ఒక వాక్యం చెబితే, సారు విని, ఒక గింజ తీసి వాళ్ల చిప్పలో వేస్తాడు. ఒక్కోసారి వేయడు. షరతు ఒక్కటే, చెప్పింది నిజమై ఉండాలి.

మొదటిరోజు ఓబులేసు గొంతు సవరించుకుని, "ఐ యామ్ గుడ్ ఎట్ స్విమ్మింగ్" అన్నాడు.

"ఈత బాగా వచ్చునా నీకు?" అడిగాడు సారు.

"రాదు సార్. ఉదాహరణకు చెప్పినా."

"ఉదాహరణకు మునిగిపోతావు నాయనా" అన్నాడు సారు. గింజ పడలేదు.

ఆ సరదా ఓబులేసుకు నచ్చలేదు. అతనికి ఉదాహరణలంటేనే ఇష్టం. ఉదాహరణల్లో ఎవరికీ ఏమీ కాదు. రాము మామిడిపండ్లు తినడంలో ఆసక్తి చూపుతాడు, సీత పాడటంలో దిట్ట, అంతా సుఖంగా ఉంటారు.

దర్గా వాకిట్లో పూలు, అగరొత్తులు అమ్మే మాబుబీ కూడా వచ్చి కూర్చునేది. ముప్పై ఏళ్లుంటాయి. భర్త వదిలేసి వెళ్లాడు, ఐదేళ్ల కూతురుంది. వచ్చే నెలలో కువైట్‌కు పోతోంది, ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకునే పని. ఆమె చిప్ప ఎప్పుడో నిండిపోయి, రెండో చిప్ప తెచ్చుకుంది. ఆమె ఇంగ్లీషు వింటే ఓబులేసుకు పంటికింద రాయి పడ్డట్టు ఉండేది.

ఒక సాయంత్రం ఆమె సత్తుగిన్నె వైపు చూస్తూ, "సారూ, ఐ ఫియర్ ఫర్ లీవ్ మై పాప" అంది.

సారు ఒక గింజ తీసి ఆమె చిప్పలో వేశాడు.

ఓబులేసుకు ఒళ్లు మండింది. "సార్, ఆ ఒక్క వాక్యంలో మూడు తప్పులుండాయి. ఐ యామ్ అఫ్రైడ్ ఆఫ్ లీవింగ్ మై డాటర్ అనల్ల."

"అవును. నువ్వు చెప్పిందే సరైన వాక్యం."

"మరి నాకు గింజ?"

"నీకు కూతురుందా నాయనా?"

మాబుబీ చెంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "అబ్బీ, కావల్లంటే నా గింజ తీసుకోబ్బీ. పాపను మాత్రం ఇయ్యను" అంది.

అందరూ నవ్వారు. ఓబులేసు ముఖం మాడ్చుకుని నోటుబుక్కు మూసేశాడు.

అతను ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చిన కారణం ఆ వరండాలో ఎవరికీ తెలియదు.

ఓబులేసుకు ఐదేళ్లప్పుడు వాళ్లమ్మ రెడ్డెమ్మ కువైట్‌కు పోయింది. తండ్రి అప్పటికే లేడు. అక్కడొక ఇంట్లో పురిటి వాసన పోని ఆడబిడ్డను ఆమె చేతిలో పెట్టారు. ఆ బిడ్డ పేరు నూరా. పదమూడేళ్లు ఆ బిడ్డనే పెంచింది. మధ్యలో మూడుసార్లు సెలవుమీద వచ్చి పోయింది. వచ్చినప్పుడల్లా ఓబులేసు అవ్వ కొంగు చాటున నిలబడి, ఆ బొద్దు మనిషి ఎవరా అన్నట్టు చూసేవాడు. ఫోనులో మాత్రం ఆమె గొంతు బాగా తెలుసు. పేరు పెట్టి పిలిచేది కాదు. "ఏం అబ్బోడా" అనేది. అంతలో కార్డులో డబ్బులు అయిపోయి లైను తెగిపోయేది.

ఆమె తిరిగొచ్చేసరికి అతనికి మీసాలొచ్చాయి. ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. ఆమె అన్నం వడ్డించి తలుపు దగ్గర నిలబడేది. అతను ఫోను చూసుకుంటూ తినేసి చెయ్యి కడుక్కునేవాడు. ఒకే కప్పు కింద ఆరేళ్లు అట్లాగే గడిచాయి. రేపు మాట్లాడొచ్చులే అనుకున్నాడు. మొన్న ఉగాదికి ముందు జ్వరమని ఆసుపత్రిలో చేరింది, నాలుగోరోజుకు అయిపోయింది.

ఆమె ఫోను అతని దగ్గరే ఉండిపోయింది. అందులోకి నూరా గొంతు వస్తూ ఉండేది. అంతా అరబ్బీ. అతనికి అర్థమయ్యేది ఒక్కటే, 'మామా రెడ్డీ' అనే పిలుపు. కొన్నాళ్లు చూసి ఆ పిల్ల, రెడ్డెమ్మ కొడుకైనా చదువుతాడని, ఇంగ్లీషులో ఒక మెసేజీ పెట్టింది. అన్నా, మామా పలకడం లేదు, నాకు దిగులుగా ఉంది, ఆమె గొంతు వినాలని ఎదురుచూస్తున్నాను అని. 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ హర్ వాయిస్.'

ఓబులేసు ఆ వాక్యాన్ని చీటీ మీద రాసుకుని గుట్టెక్కాడు. "టు తర్వాత హియర్ కదా సార్ రావల్ల? హియరింగ్ ఎందుకొచ్చింది?" అని అడిగాడు. అదే అతని మొదటి ప్రశ్న. సారు వివరంగా చెప్పాడు. ఆ వాక్యం ఎవరు రాశారని మాత్రం అడగలేదు. చీటీ తిరిగిస్తూ ఇంకోసారి దాన్ని చదువుకున్నాడు, అంతే.

ఇదంతా ఎనిమిది నెలల కిందటి మాట. ఇంగ్లీషు సరిగ్గా వచ్చాక జవాబిద్దామని ఓబులేసు అనుకున్నాడు. వచ్చింది. ఇంకొంచెం సరిగ్గా వచ్చాక ఇద్దామనుకున్నాడు.

తుఫాను ముసురు పట్టిన ఒక సాయంత్రం వరండాలో సారు, మాబుబీ తప్ప ఎవరూ లేరు. ఓబులేసు తడవకుండా చొక్కాలో దాచుకొచ్చిన నాలుగు పేజీల ఉత్తరం తీసి సారు చేతికిచ్చాడు. "ఒకసారి చూడండి సార్. పంపాల్సింది ఉంది" అన్నాడు.

సారు కళ్లజోడు తుడుచుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటికొచ్చి చదివాడు. జవాబివ్వడంలో ఆలస్యం చేసినందుకు మన్నించమని ఉంది. మా అమ్మను బాగా చూసుకున్నందుకు మీ కుటుంబానికి కృతజ్ఞతలు అని ఉంది. మీరు చదువులో రాణించడం గురించి విని గర్విస్తున్నానని ఉంది. రాయచోటిలో ఈసారి వానలు ఎట్లా పడుతున్నాయో కూడా ఉంది. అమ్మ చనిపోయిందని మాత్రం లేదు.

"ఒక్క తప్పు లేదు" అన్నాడు సారు.

ఓబులేసు తన చిప్ప ముందుకు జరిపాడు. సారు చెయ్యి సత్తుగిన్నె వైపు పోలేదు.

"నూరా ఎవరు నాయనా?"

ఓబులేసు చెప్పాడు. మొదట ముక్కలు ముక్కలుగా, తర్వాత గబగబా. మాబుబీ పూలు కట్టడం ఆపేసి వింటూ ఉండిపోయింది.

అంతా విని సారు నెమ్మదిగా అడిగాడు. "మీ అంగడి పక్కన టీ కాసే రసూలు ఇరవై ఏండ్లు కువైట్‌లో ఉండొచ్చినాడు. మాబుబీ చెల్లెలు అరబ్బీ గడగడా మాట్లాడ్తాది. ఎవరితో చెప్పించినా ఎనిమిది నెలల కిందటే ఆ బిడ్డకు తెలిసుండేది. ఇంగ్లీషే ఎందుకు కావల్సొచ్చింది?"

ఓబులేసు గచ్చు మీద వానజల్లు పడిన చోట వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"తెలిస్తే ఇంక పిలవదు సార్. ఆ ఫోన్లో మామా, మామా అని వస్తా ఉంటాది. మా యమ్మను పిలిచేవాళ్లు ఆ పిల్ల తప్ప ఇంకెవరూ ల్యారు."

అంతలోనే గొంతు మారింది. "అయినా ఆ పిల్లకెందుకు చెప్పల్ల సార్? పదమూడేండ్లు మా యమ్మ చేతి ముద్దలు ఆ పిల్లే తినింది. మా యమ్మ ఎప్పుడు నవ్వేదో, ఏం పాట పాడేదో ఆ పిల్లకు తెలుసు. నాకు తెలీదు. కనిన కొడుకును నేను, నాకు తెలీదు. పోతే పోనీలే సార్. ఐ యామ్ యూజ్డ్ టు లివింగ్ వితవుట్ హర్."

ఆమె లేకుండా బతకడం నాకు అలవాటే అని. చిన్నమాటలు, తోకలు అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. ఈసారి సారు కోసం చూడకుండా తనే సత్తుగిన్నెలో చెయ్యి పెట్టి గింజ తీసుకున్నాడు.

సారు వారించలేదు. తను కూర్చున్న చాప అంచు ఎత్తి, గోడ వైపు బోర్లించి ఉన్న ఒక కొబ్బరిచిప్పను తీశాడు. అది సారు చిప్ప. ఆయనకూ ఒకటుందని ఇద్దరికీ ఆరోజే తెలిసింది. దాన్ని చెయ్యితో తుడిచి ముందు పెట్టుకుని, గిన్నెలోంచి ఒక గింజ తీశాడు.

"ఐ యామ్ యూజ్డ్ టు లివింగ్ వితవుట్ జైబున్నీసా" అన్నాడు.

జైబున్నీసా ఆయన భార్య. ఆమె పోయి పన్నెండేళ్లవుతోంది.

సారు గింజను చిప్ప మీద పట్టుకుని కాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత ఆ గింజను తీసుకెళ్లి మళ్లీ సత్తుగిన్నెలోనే వేశాడు.

"పొద్దు లేస్తానే ఈ వాక్యం చెప్పుకుంటా" అన్నాడు. "ఒక్క తప్పు లేదు."

ఖాళీ చిప్పను మళ్లీ చాప కింద బోర్లించాడు.

ఓబులేసు తన చేతిలో గింజను చూసుకున్నాడు. దాన్ని గిన్నెలో వేసేశాడు. జేబులోంచి అమ్మ ఫోను తీసి, మైకు బొమ్మ మీద బొటనవేలు ఆనించాడు.

"నూరా... దిస్ ఈజ్ ఓబులేసు. రెడ్డెమ్మ సన్. మామా... మామా డెడ్. లాస్ట్ మార్చ్. ఐ నో టెల్. ఐ ఫియర్. సారీ. యూ... యూ నాట్ స్టాప్ కాల్. ప్లీజ్. మామా అని కాల్. నాట్ స్టాప్."

వేలు తీయగానే అది వెళ్లిపోయింది. రెండొందల పేజీల్లోంచి ఒక్క చిన్నమాటా సాయానికి రాలేదు. తొమ్మిది నెలలుగా ఎవరి ముందూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. మాబుబీ లేచి వచ్చి, అక్కలాగా అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

సారు ఒక గింజ తీసి అతని చిప్పలో వేశాడు.

నాలుగు రోజులు ఏ జవాబూ రాలేదు. ఓబులేసు అంగడిలో ఒకరి వీసా ఫారం మీద ఇంకొకరి ఫోటో అంటించాడు. యజమాని తిడితే విన్నాడు. ఆ పిల్ల ఇంక పలకదు, ఆ పిలుపు కూడా నేనే పోగొట్టుకున్నాను అనుకున్నాడు. సాయంత్రం గుట్ట మీదికి పోయేవాడు గానీ నోటుబుక్కు తీసుకుపోలేదు. సారు అడగలేదు.

అయిదోరోజు మెట్లెక్కుతూ ఉంటే జేబులో ఫోను కదిలింది. నూరా గొంతు. ఒక్కడే వినడానికి ధైర్యం చాలక, మిగిలిన మెట్లు పరుగున ఎక్కి, వరండాలో ఫోను చాప మీద పెట్టి నొక్కాడు. సారు పావురాలకు నూకలు చల్లుతున్నవాడు అక్కడే నిలబడిపోయాడు.

ముందు చాలాసేపు ఏడుపే వినబడింది. తర్వాత అరబ్బీలో ఏదో. తర్వాత, అతనికి అర్థం కావాలని ఒక్కొక్క మాటా విడదీసి, ఇంగ్లీషు.

"అన్నా, నాలుగు రోజులుగా నాకు మాట రావడం లేదు. మామా కోసం ప్రార్థన చేయాలనుంది. మీ ప్రార్థనలు నాకు తెలియవు. ఒక్కటి మాత్రం వచ్చు, అది మామా దగ్గర నేర్చుకున్నదే. నాకు అన్నం పెట్టేటప్పుడు మొదటి ముద్ద చేతిలో పట్టుకుని, ఎటో చూస్తూ అది చదివేది. చదివాకే నా నోట్లో పెట్టేది. ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. అర్థమేమిటని అడిగితే నవ్వి ఊరుకునేది. నేను ఇప్పటికీ అది చదివే తింటాను. మా కాలేజీలో పిల్లలు నవ్వుతారు, అయినా చదువుతాను. అది చనిపోయినవాళ్ల కోసం చదవొచ్చా? తప్పేమీ కాదు కదా?"

కొంచెం ఆగింది. ఊపిరి పీల్చుకున్న శబ్దం. తర్వాత తెలుగులో, రెడ్డెమ్మ ఎక్కడ సాగదీసేదో అక్కడే సాగదీస్తూ, భక్తిగా చదివింది.

"మా అబ్బోడు తిన్యాడో... ల్యాదో..."

ఫోను ఆగిపోయింది.

మాబుబీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

తలుపు దగ్గర నిలబడి తను తినడం చూస్తూ ఉండిపోయిన మనిషి ఓబులేసు కళ్లముందు ఉంది. ఆరేళ్లు రోజుకు రెండు పూటలా నిలబడింది. ఒక్కసారి తల ఎత్తి చూడాలని అతనికి ఇప్పుడు ఉంది.

చీకటి పడే వేళకు అతను సారు వైపు తిరిగాడు.

"జవాబియ్యల్ల కదా సార్. దీన్ని ఇంగ్లీషులో ఏమని చెప్పల్ల?"

సారు గుప్పిట్లో మిగిలిన నూకలు పావురాలకు వేసి, చేతులు దులుపుకుంటూ వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

"అది నిదానంగా చెప్పొచ్చు నాయనా. నాలుగు రోజులుగా ఏడుస్తా ఉండాది. ముందు ఆ బిడ్డ తినిందో లేదో అడుగు."